సూరచేపకు వేసిన ఎర

అనగా అనగా, సముద్రపు ఒడ్డున సగం ఇసుకలో కూరుకుపోయినట్టుండే ఒక చిన్న పల్లె. ఆ పల్లెలో కొర్లయ్య, మాసేను అని ఇద్దరు అన్నదమ్ములు. ఇద్దరిదీ చేపల వేటే. ఎవరి పడవ వారిది.

ఒక ఏడాది ఒడ్డు దగ్గర చేపకు కరువొచ్చింది. వల లాగితే నాచు తప్ప ఏమీ రాలేదు. ఆ రోజుల్లోనే కొర్లయ్య భార్య బండమ్మ ఆడపిల్లను కన్నది. తిండిలేని బాలింతకు పాలెక్కడివి? పసిగుడ్డు ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడ్చే ఓపిక కూడా లేక ఊరుకునేది. ఆ ఊరుకోవడమే కొర్లయ్యను భయపెట్టింది.

"నడిసముద్రంలో సూరచేపలు తిరుగుతున్నాయట. పోదాం పదరా తమ్ముడూ," అన్నాడు.

అంత లోతుకు వాళ్లు ఎన్నడూ పోలేదు. సూరకు ఏ ఎర వెయ్యాలో తెలియదు. మేనత్త పైడమ్మ దగ్గరికి పోయి అడిగారు. సూరవేటకు పోయిన ఆమె పెనిమిటి తిరిగి రాలేదు. అయినా పసిబిడ్డ కోసం చెప్పింది.

"ఉప్పుచేప ముక్కను సూర ముట్టదు," అంది. "గాలం మీద మెరిసే ఆల్చిప్ప ముక్కకు కోడి ఈకలు కట్టి, బొమ్మ ఎర చేసి పడవ వెనక లాగండి. చెయ్యి కుదిరితే పడుతుంది. బతికున్న పిల్లచేపలు చల్లితే మాత్రం గుంపంతా ఎగబడుతుంది. కానీ అల్లుడా, ఆ పిల్లలు పెరిగేది మన ఉప్పుటేట్లోనే. రేపు మన వలలో పడేవి అవే. వాటి జోలికి పోకండి."

అయినా కొర్లయ్య మొదట చేతికందిన ఉప్పుచేప ముక్కనే ఎరగా గుచ్చి చూశాడు. ఆ రోజు గాలం తడిసిందే గాని కదలలేదు. మర్నాడు బొమ్మ ఎర లాగారు. ఒక సూర వెంటపడి వచ్చింది, చూసింది, తోక తిప్పుకుని పోయింది.

"ఇంకొన్నాళ్లు లాగుదాం అన్నా. చెయ్యి కుదురుతుంది," అన్నాడు మాసేను.

"నా బిడ్డకు అన్నాళ్లు లేవురా!" అన్నాడు కొర్లయ్య.

మూడోనాడు తెల్లవారుతూనే ఉప్పుటేట్లో దిగి కుండెడు పిల్లచేపలు పట్టాడు. నడిసముద్రంలో గుప్పెడు గుప్పెడు చల్లాడు. నీళ్లు కుతకుత ఉడికినట్టయ్యాయి. ఎంతో పెద్ద సూర గాలానికి తగిలింది.

బండమ్మ కడుపునిండా తింది. పాలు పడ్డాయి. బిడ్డ గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని కొర్లయ్య కూడా ఏడ్చాడు.

పైడమ్మ వచ్చి బిడ్డ తల నిమిరి, "ఆకలికి ఒక కుండ తీశావు. గంగమ్మతల్లి తప్పు పట్టదు. ఇక చాలు అల్లుడా," అంది.

కానీ కొర్లయ్యకు ఆ మాట చెవికెక్కలేదు. మర్నాడు ఇంకా పెద్ద కుండ పట్టుకుపోయాడు. అది చూసి పక్కింటివాళ్లు కుండలెత్తారు. ఆ వెనక ఊరే ఉప్పుటేట్లో దిగింది. మాసేను ఒక్కడే బొమ్మ ఎర లాగుతూ, ఒట్టి చేతులతో తిరిగొచ్చేవాడు.

"అన్నా, మనం చల్లుతున్నది విత్తనం," అన్నాడొకనాడు.

"ఏట్లో ఇంకా బోలెడున్నాయిలే," అని నవ్వాడు కొర్లయ్య.

ఏడాది తిరిగింది. ఉప్పుటేరు అద్దంలా తేటగా, ఖాళీగా ఉంది. ఒడ్డున వలకు తగిలేది లేదు. తరమడానికి చిన్నచేప లేక సూరలు ఇంకా ఇంకా దూరం పోయాయి. కొంగలు కూడా వాలడం మానేశాయి. ఒక్కో గుడిసెకూ తడిక కట్టేసి, జనం కూలికి తరలిపోయారు.

మాసేనుకు అప్పటికి చెయ్యి కుదిరింది. బొమ్మ ఎర పట్టుకుని, ఎవరూ పోని దూరానికి పోయాడు. అతడు తిరిగొచ్చేలోగా పైడమ్మను ఆకలి తీసుకుపోయింది. ఆమె కోసం తెచ్చిన చేప పడవలోనే ఉండిపోయింది.

ఆ చేపను అన్న గుమ్మంలో దించాడు మాసేను. కొర్లయ్య చెయ్యి చాచలేకపోయాడు.

"అత్త అప్పుడే చెప్పింది కదరా. చాలంది," అన్నాడు నేల చూస్తూ.

"పిల్ల ఆకలి మీదుంది. తీసుకో అన్నా," అన్నాడు మాసేను.

కొర్లయ్య చేప తీసుకున్నాడు. ఆ పూట పిల్లకు పెట్టాడే గాని, తాను ముద్ద మింగలేకపోయాడు.

పిల్లలూ, రేపటిని ఎరగా వేసినవాడికి ఈ రోజు కడుపు నిండుతుంది. ఆ రేపు వచ్చినప్పుడు మాత్రం వాడి గాలానికి ఏమీ తగలదు.