దిండులో కుట్టిన కాయితం

అనగనగనగా ఏటి పక్కన ఒక ఊరు. ఊరి నిండా మగ్గాలే. ఆ ఊళ్ళో నూలుకి నీలిరంగు అద్దే భావన్న అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఊ కొట్టండర్రా, లేకపోతే మీకు చెబుతున్నానో గోడకి చెబుతున్నానో నాకే తెలీదు.

భావన్నకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు అచ్చయ్య, మగ్గాలు చూసుకునేవాడు. చిన్నవాడు పెళ్ళయిన మూడో ఏడే జ్వరమొచ్చి పోయాడు. వాడి పెళ్ళాం నాంచారి. పిల్లా జెల్లా లేరు, పుట్టింట్లో చూసేవాళ్ళు లేరు, పాపం మావగారి దగ్గరే ఉండిపోయింది. ఆయన చేతులు వణకడం మొదలెట్టాక నీలిబానల పనంతా తనే ఎత్తుకుంది. నీలిబానంటే మన నీళ్ళ బిందె అనుకునేరు. సగం దాకా భూమిలో పాతిపెట్టిన పెద్ద బాన అది, దానికి ప్రాణం ఉంటుంది. పొద్దున్నే సున్నపుతేట పొయ్యాలి, సాయంత్రం అది పులియడానికి ఉడకేసిన తగిరిస గింజలు వెయ్యాలి, రోజూ కలియబెట్టాలి. నాలుగు రోజులు మానేశామా, చచ్చి ఊరుకుంటుంది. ఇక ఎంత నీలిమందు పోసినా రంగు పట్టదు. భావన్న తాత పాతిన బానల్ని నాంచారి చంటిబిడ్డల్లా సాకింది. మోచేతుల దాకా నీలమే ఆ పిల్లకి.

అచ్చయ్య చెడ్డవాడేం కాదు, మనసులోది నోట్లో ఆగదు, అంతే. నాన్న పోయాక ఆ బానలు పూడ్చేసి అక్కడ ఇంకో రెండు మగ్గాలు వేస్తానని, మరదల్ని వాళ్ళ మేనమామ ఊరు పంపించేస్తానని అరుగు మీద కూచుని నలుగురికీ చెప్పేవాడు. నాంచారి ఆ మాటలు వింటూనే బాన కలుపుకునేది. మేనమామకి తన మొహమైనా గుర్తుందో లేదో.

ఒకరోజు భావన్న కర్ర పట్టుకుని కరణం గారింటికి వెళ్ళి వీలునామా రాయించాడు. వీలునామా అంటే, తన తర్వాత ఏది ఎవరిదో మనిషి బతికుండగానే రాయించే కాయితం. ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించి, ఎవరికీ చెప్పబోమని ఒట్టు కూడా వేయించాడు. ఆయన ఏదో రాయించాడని ఊరందరికీ తెలిసింది, ఏం రాయించాడో ఎవరికీ తెలీలేదు.

మరి కాయితం ఎక్కడ పెట్టాలి? అటక మీద పెడదామా అంటే ఎలకలు. ఎలకలొద్దు చూరులో దోపుదామా అంటే వాన. వానొద్దు గోడగూట్లో పెడదామా అంటే చెదలు. చెదలొద్దు పెట్టెలో పెడదామా అంటే పెట్టె తాళం అచ్చయ్య మొలతాడుకే ఉంది. ఆలోచించి ఆలోచించి, ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు సూదీ దారం తీసుకుని, తన దిండు విప్పి, దూదిలో కాయితం పెట్టి, మళ్ళీ కుట్టేశాడు. ఆ రోజు నుంచి కంటి నిండా నిద్రపోయాడు ముసలాయన. తల కిందే ఉంది కదా, ఇంతకంటే భద్రం ఏముంటుందని ఆయన ధీమా.

మీకేమైనా తట్టిందా? తట్టలేదూ? నాంచారికి తట్టింది.

గలేబు ఉతుకుదామని తీస్తే దిండు మూల వంకరటింకర కుట్టు కనిపించింది. అది తన కుట్టు కాదు. నొక్కితే లోపల కాయితం గరగరలాడింది. మావగారు మంచాన పడి నెల దాటింది. వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే శవం కంటే ముందు పక్క లేస్తుంది. చాపా, దుప్పటీ, దిండూ చుట్టేసి ఏటి ఒడ్డున వదిలేస్తారు. మైలని ఎవరూ విప్పి చూడరు.

కుట్టు విప్పి చూడటానికి అర నిమిషం పట్టదు. కానీ ఆయన కుట్టుకున్నది తను విప్పకూడదనుకుంది. పోనీ ఊరుకుంటే? అక్కడే ఉందమ్మా తిరకాసు. కాయితం లేకపోతే సాక్షుల నోటిమాట చెల్లదు, కులపెద్దలే కూచుని, విధవరాలు కదా అని తిండికీ, తలదాచుకోడానికీ ఏదో ఇప్పిస్తారు. కాయితం ఉండి, అందులో అంతా అచ్చయ్యకే అని ఉంటే, ఆ కాస్తా పోతుంది. నోరు మూసుకుంటేనే తనకి క్షేమం. రెండు రోజులు అన్నం సయించలేదు దానికి. బాన కలుపుతూ బానతోనే మాట్లాడుకుంది.

మూడో రోజు గంజి తాగించి, మూతి తుడిచి, మంచం పక్కన నేల మీద కూచుంది. ఎలా అడగాలో తెలీక చివరికి అడిగేసింది.

"మావయ్యా, అత్తమ్మ పోయినప్పుడు ఆవిడ పక్క ఏం చేశారు?"

భావన్నకి అప్పుడు తట్టింది. ఆ పక్క చుట్టి, తన భుజం మీద మోసుకెళ్ళి, ఏటి ఒడ్డున వదిలొచ్చింది ఆయనే. దిండు మీద చెయ్యి వేసుకుని ఏడ్చాడు. లోపల ఏముందో చూశావా అని అడిగితే, చూడలేదంది. చూడాలనిపించలేదా అంటే, అనిపించింది మావయ్యా, భయమేసింది అంది.

మర్నాడే కరణాన్నీ సాక్షుల్నీ పిలిపించాడు. దిండు విప్పించి, కాయితం అడుగున ఇంకో రెండు వరసలు రాయించి, మళ్ళీ అందరి చేతా సంతకాలు పెట్టించాడు. నకలు ఒకటి కరణం దగ్గర ఉంచి, అసలుది కులపెద్దల పెట్టెలో పెట్టించాడు. ఆ పెట్టెకి రెండు తాళాలు, ఇద్దరు పెద్దల దగ్గర చెరొకటి. ఇద్దరూ వస్తే గానీ తెరుచుకోదు. అప్పుడు కొడుకునీ కోడల్నీ ఎదురుగా నిలబెట్టి, కాయితం ఎక్కడుందో చెప్పాడు. ఏముందో మాత్రం చెప్పలేదు.

రెండు నెలలకి భావన్న పోయాడు. ఆయన దిండు ఏటి ఒడ్డుకి వెళ్ళిపోతుంటే నాంచారి గుమ్మంలో నిలబడి చూసింది. మావయ్య కోసం ఏడ్చింది, తన కోసం కూడా ఏడ్చింది.

పన్నెండో రోజున పెట్టె తెరిచారు. కరణం చదివాడు. ఇల్లూ మగ్గాలూ అచ్చయ్యకి. నాలుగు నీలిబానలూ, వాటి మీది పాకా, పెరడూ నాంచారికి. ఇక అడుగున కొత్తగా రాయించిన రెండు వరసలు ఇవీ: "ఈ కాయితం నాతోపాటే పోకుండా కాపాడింది నాంచారి. ఇందులో తన పేరుందో లేదో తెలియకుండానే కాపాడింది. అచ్చయ్యా, నాయనా, అది తెలుసుకుని మసులుకో."

అచ్చయ్య తలొంచుకున్నాడు. ఆ సాయంత్రమే తడి కళ్ళతో నూలు మోపు తెచ్చి పాక గుమ్మంలో దించి, ఎప్పటికి రంగవుతుందమ్మా అని మరదల్ని అడిగాడు. ఎల్లుండికి అవుతుంది బావగారూ అంది. ఆ తర్వాత వాళ్ళ నీలం చీరలకి చుట్టుపక్కల ఊళ్ళలో ఎంత పేరొచ్చిందంటే, రాజుగారి ఇంట్లో ఆడవాళ్ళు కూడా కబురు పెట్టి తెప్పించుకునేవాళ్ళట.

విన్నారుగా. రాస్తే సరిపోదు, మనం లేనప్పుడు కూడా దొరికే చోట పెట్టాలి, ఆ చోటు ఇంట్లోవాళ్ళకి చెప్పాలి. నాది రిజిస్ట్రారాఫీసులో రాసి ఉంది, కాయితం బీరువాలో నా పెళ్ళి చీర కింద ఉంది. మీ అమ్మకి తెలుసు, మీ మావయ్యకి తెలుసు, ఇప్పుడు మీకూ తెలుసు. ఏముందో అడక్కండి. ఏడుస్తున్నావేంటే పండూ? నేనిప్పుడే ఎక్కడికీ పోవట్లేదు. ఇటు రా, ఈ దిండు మీద తల పెట్టుకో. నొక్కి చూడు, దూది తప్ప ఏమీ లేదు.

కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి.