సరే అనే అన్న

అనగనగా ఒక నల్లకొండ. ఆ కొండ పాదాన ఒక గూడెం. ఆ గూడెంలో పన్నెండే గుడిసెలు. చిట్టచివరి గుడిసెలో అంకాలు అనే పిల్ల ఉండేదమ్మా. తల్లీ లేదు, తండ్రీ లేడు. ముగ్గురన్నలే ఎత్తుకుని పెంచారు.

ఒక్క కడుపున పుట్టారు గానీ ముగ్గురివీ మూడు తీర్లు.

పెద్దన్న పేరు మంతన్న. కోపానికి వాడి ముక్కు మీదే కాపురం. చెల్లెలికి గంజి పోసినా తిట్టి పోసేవాడు. తల దువ్వినా తిట్టి దువ్వేవాడు. "నా కళ్ళముందునుంచి పో" అని రోజుకు పదిసార్లు అనేవాడు. ఎవరూ పోయేవాళ్ళు కాదు.

నడిపన్న పేరు ఈదన్న. వెన్నపూసలాంటి మనిషి. ఎవరేం అడిగినా "సరే" అనేవాడు. కట్టెలు కొట్టిపెట్టమంటే సరే. గడ్డలు తవ్విపెట్టమంటే సరే. నీ వంతు మాంసం మాకివ్వమంటే, అదీ సరే. మనిషంటే ఈదన్నే అనుకునేది గూడెం.

చిన్నన్న పేరు గురవయ్య. ఎండుటాకు కదిలినా ఉలిక్కిపడేవాడు. వాన ఉరిమితే ఏ బండ సందులోనో దూరేవాడు. కొండలో దాక్కునే చోట్లన్నీ వాడికి కంఠతా వచ్చు.

అంకాలుకు ఏడేళ్ళప్పుడు ఒకనాడు వాగు పొంగింది. అవతలి ఒడ్డున నేరేడు చెట్టు నల్లగా విరగకాసింది. అంకాలు పెద్దన్నను అడిగింది. వాడు వీపు మీద రెండు చరిచి ఇంట్లో కూర్చోబెట్టాడు. అప్పుడు చిన్నన్నను అడిగింది. వాడు నీళ్ళను చూసి ఏడ్చాడు. ఆ తర్వాత నడిపన్నను అడిగింది. "సరే చెల్లీ" అన్నాడు. భుజాన ఎక్కించుకుని వాగులో దిగాడు. నీళ్ళు మెడదాకా వచ్చాయి. రెండుసార్లు కాలు జారింది. ఎలా దాటారో, ఎలా వచ్చారో ఆ కొండకే తెలియాలి. కానీ అంకాలుకి ఆ నీళ్ళు గుర్తు లేవమ్మా. ఆ పళ్ళ తీపే గుర్తుంది.

ఆ తర్వాత అంకాలు పెద్దదైంది. అదే గూడెంలో బయ్యన్నకి ఇచ్చి మనువు చేశారు. బయ్యన్న చురుకైనవాడు. కొండచరియలకు వేలాడే పెద్ద తేనెపట్లు కోయడంలో వాడికి సాటి లేదు. చిన్నపట్టు దొరికితే పెద్దపట్టు మీదికి పోయేది వాడి చూపు.

ఆ పని ఎలా ఉంటుందో తెలుసా? కొండ అంచున చెట్టు మొదలుకి తాడు చుట్టి, ఒకడు పట్టుకుంటాడు. ఒకడు ఆ తాడుకి వేలాడుతూ చరియ కిందికి దిగుతాడు. పచ్చాకుల పొగ పెట్టి ఈగల్ని తోలి, పట్టు కోసి బుట్టలో వేస్తాడు. దిగినవాడి ప్రాణం పైవాడి చేతిలో ఉంటుంది. అందుకే ఆ గూడెంలో ఒక కట్టుబాటు. పెళ్ళయినవాడికి బామ్మర్దే తాడు పట్టాలి. తోడబుట్టినదాని మొగుణ్ణి ఎవడూ వదిలెయ్యడు కదా. ముగ్గురు బామ్మర్దులుంటే ఎవరు పట్టాలో ఆలే చెప్పాలి.

పెళ్ళయ్యాక వచ్చిన మొదటి ఎండాకాలం. గూడెం పెద్ద అంకాలుని అడిగాడు, "ఎవరమ్మా?" అని.

మంతన్న ముందుకొచ్చాడు. "అడిగేదేముంది? నేను పడతా" అన్నాడు.

అంతకు మూడురోజుల కిందటే మంతన్న నలుగురిలో బయ్యన్నను చేతకానివాడని తిట్టాడు. వల సరిగా చుట్టలేదట. అంకాలుకి ఆ మంట ఇంకా చల్లారలేదు.

"నువ్వు పట్టిన తాడుకి నా మొగుణ్ణి వేలాడదీయను. నడిపన్న పడతాడు" అంది.

"వాడా? వాడు వద్దు" అన్నాడు మంతన్న.

"ఎందుకు వద్దు?"

ఎందుకో వాడికీ చెప్పడం రాలేదు. తిట్టడమే వచ్చు. నోటికొచ్చినట్టు తిట్టి, పలుగు భుజాన వేసుకుని గడ్డల కోసం ఎదురుకొండ ఎక్కిపోయాడు. ఈదన్న మాత్రం "సరే" అన్నాడు.

తెల్లారగానే బయలుదేరారు. ఈదన్న, గురవయ్య, బయ్యన్న కొండ పైకి ఎక్కారు. అంకాలు చరియ కింద బుట్టలు పెట్టుకుని నిలబడింది. తాడు కొత్త నారతో పేనిందే గానీ పొడుగు చాలక పైకొసకి పాత తాడు ముడేశారు. "ముడి దాకా వదులు. ముడి దాటనీకు" అని గూడెం పెద్ద మరీ మరీ చెప్పాడు. ఈదన్న సరేనన్నాడు.

బయ్యన్న దిగాడు. ఒక పట్టు కోశాడు. బుట్ట నిండింది. దాన్ని సన్నతాడుతో కిందికి దింపాడు. అంకాలు అందుకుంది.

అప్పుడు "ఇంకో బారెడు వదులు" అని కేకేశాడు. "సరే బావా" అని పైనుంచి వినిపించింది. రెండో పట్టు కోశాడు.

"ఇంకో బారెడు" అన్నాడు. "సరే బావా." మూడోది కోశాడు. తాడు ముడి చెట్టు మొదలు దగ్గరికి వచ్చేసింది.

అప్పుడు వాడికి ఇంకా కింద, బండ మడతలో, తలుపంత పట్టు కనిపించింది. ఎర్రగా, నిండుగా వేలాడుతోంది. కింద నుంచి అంకాలుకీ కనిపించింది.

"ఒక్క బారెడు" అన్నాడు బయ్యన్న.

పైనుంచి జవాబు లేదు.

పైన ఏం జరిగిందో తర్వాత గురవయ్య చెప్పాడులే. ఈదన్న ముడి వంక చూశాడట. "నడిపన్నా, ముడి" అన్నాడట గురవయ్య. గట్టిగా అనలేదు, గొణిగాడు.

"ఏంది బామ్మర్దీ, నిద్రపోయావా?" అని నవ్వాడు బయ్యన్న.

అప్పుడు కింద నుంచి అంకాలు కూడా అరిచింది. "ఇవ్వన్నా, ఒక్క బారెడేగా."

రెండు గొంతులమ్మా. ఒకటి తాడు కొస నుంచి, ఇంకొకటి నేల మీది నుంచి. ఒక్కరికే కాదనలేనివాడు ఇద్దరికి ఎలా కాదంటాడు?

"సరే" అన్నాడు.

ముడి దాటింది. బరువంతా పాత తాడు మీద పడింది.

పట్టు మీద కత్తి కూడా ఆనలేదు. తాడు తెగింది.

అంకాలు నిలబడిన చోటికి నాలుగడుగుల దూరంలో పడ్డాడు బయ్యన్న. ఆమె దగ్గరికి వెళ్ళేసరికే ఊపిరి లేదు.

ఆ సాయంత్రమే మట్టి చేశారు. మంతన్న గొయ్యి తవ్వుతూ ఈదన్నను తిట్టాడు. మట్టి పోస్తూ తిట్టాడు. గురవయ్య ఎక్కడో నక్కి ఏడుస్తున్నాడు. ఈదన్న తల ఎత్తలేదు. అన్నీ పూర్తయ్యాక చెల్లెలి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ముడి దాటనీయొద్దని తెలియదా?" అంది అంకాలు.

"తెలుసు."

"మరి ఎందుకు వదిలావు?"

"అడిగారు కదా" అన్నాడు.

ఆ మాట ఆమెకు వాతలా తగిలింది. తనూ అడిగిందని తెలుసు. తెలిసే, మెల్లిగా అంది. "ఇంక నీ ముఖం నాకు చూపించకు."

"సరే చెల్లీ" అన్నాడు. వెళ్ళిపోయాడు.

చూశావా చిట్టీ. అలాంటి మాట పెద్దన్న నోట వెయ్యిసార్లు వచ్చింది. ఒక్క ఆకు కదల్లేదు. అదే మాట అంకాలు ఒక్కసారి అంది.

మొదటిరోజు ఎవరూ పట్టించుకోలేదు. రెండోరోజు ఈదన్న గుడిసెలో పొయ్యి చల్లగా ఉందన్నారు. మూడోరోజు మంతన్న గొడ్డలి తీసుకుని బయలుదేరాడు. "దొరకనీ, వాడి కాళ్ళు విరగ్గొడతా" అంటూ వాగు పొడుగునా అరుచుకుంటూ వెతికాడు. గొంతు పోయి తిరిగొచ్చాడు. గుడిసె వెనక కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. వాడలా కూర్చోవడం అంకాలు ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు గురవయ్య లేచాడు. దాక్కునే చోట్లు వాడికే కదా తెలుసు. ఎలుగులు తిరిగే చోటని పేరు విన్నా వణికే మనిషి, ఒక్కడే ఒక్కొక్క బండ సందూ చూసుకుంటూ పోయాడు. ఎండ నడినెత్తికి వచ్చేవేళకి పరుగున వచ్చి అంకాలు చెయ్యి పట్టుకున్నాడు. "ఉన్నాడు. నువ్వు రా" అన్నాడు.

బండ గుహలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు ఈదన్న. ముఖం మీద గుడ్డ కప్పుకున్నాడు. తిండి లేదు, నీళ్ళు లేవు. ఒళ్ళు కాలిపోతోంది. అడుగుల చప్పుడు వినగానే గుడ్డ ఇంకా బిగించుకున్నాడు. ముఖం చూపించొద్దంది కదా చెల్లెలు.

"అన్నా, ఇంటికి రా" అంది.

"సరే" అన్నాడు. లేవడానికి చేతులు ఊనాడు.

అప్పుడు భయం వేసింది అంకాలుకి. మొగుడు పడిపోయినప్పటి భయం కన్నా ఇది వేరే. చావమంటే చస్తాడు, రమ్మంటే వస్తాడు. మరి ఈ మనిషికి ఏం కావాలి? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాడి చేత ఎన్ని చేయించుకుంది. ఆ ఒక్కమాట ఏనాడూ అడగలేదు.

పక్కన కూలబడింది. "ఒక్క బారెడేగా అన్నది నేనే. నీతోపాటు నేనూ వదిలాను ఆ తాడు. నన్నెందుకు ఒక్కమాట అనవు?"

ఈదన్న ముఖం మీది గుడ్డ తడిసింది.

మంతన్నను పిలిచి, ముగ్గురూ కలిసి మోసుకొచ్చారు. బతికాడు. కానీ ఆ గుహలో పట్టిన దగ్గు తగ్గలేదు. అంకాలు మళ్ళీ మనువాడలేదు. మంతన్న తిడుతూనే గంజి పోశాడు. గురవయ్య రాత్రి పగలు అన్న వెనకే తిరిగాడు. అంకాలు రోజూ అడిగేది, "తింటావా, పడుకుంటావా, ఏం కావాలన్నా?" అని. ప్రతిదానికీ సరే అనేవాడు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. గూడెంలో ఎవరికో తాడు పట్టేవాడు కావాలి. బామ్మర్దులు లేని ఇల్లు. గూడెం పెద్ద నలుగురితో వచ్చి ఈదన్న ముందు కూర్చున్నాడు. "జరిగిందేదో జరిగింది. నీ అంత మంచివాడు ఎవడున్నాడు? తాడు పట్టు" అన్నాడు.

అంకాలు పొయ్యి దగ్గరే ఆగిపోయింది.

ఈదన్న తన అరచేతుల వంక చూసుకున్నాడు. "నేను పట్టను" అన్నాడు.

"పట్టనంటే?"

"పట్టను."

పెద్దమనుషులు చిన్నబుచ్చుకున్నారు. చచ్చినవాడి పేరెత్తి, ఒకడు మాట కూడా విసిరాడు. మంతన్న లేచి గొడ్డలి అందుకునేలోపే లేచి వెళ్ళిపోయారు.

అంకాలు గుడిసె వెనక్కి పోయింది. కొండ వంక చూస్తూ నిలబడింది. ఏడాది కింద, పై నుంచి జవాబు రాని ఆ కాస్తసేపు ఆమెకు చెవుల్లో మోగింది. అప్పుడు రావలసిన మాట ఇప్పుడు వచ్చింది. కన్నీళ్ళు తుడుచుకుని లోపలికొచ్చి, అన్న పక్కన కూర్చుని, ఏమీ అడగకుండా ఊరుకుంది.

కళ్ళు మూసుకో తల్లీ.

కథ కంచికి,
తేనె ఈగకి,
మనం ఇంటికి,
నిద్ర కంటికి.