సింహాద్రప్పడు చేయించిన పెళ్ళి రిజిస్ట్రేషన్

కొండెంపేటలో తన ఇంటిని మించిన తెలివైన ఇల్లు లేదని సింహాద్రప్పడు తనే చెప్పుకునేవాడు. భార్య నూకాలమ్మ అవునవునని తలూపేది. కొడుకు పైడిరాజైతే, నాన్నకి అంత బుర్ర ఉండగా తనకెందుకని ఆలోచించడమే మానేశాడు. చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా చెయ్యడంలో ఆ ముగ్గురి తర్వాతే ఎవరైనా!

అలాంటి ఇంటికి కోడలై వచ్చింది సత్యవేణి. న్యూజిలాండ్‌లో నర్సు. అక్కడే శాశ్వత నివాసం కూడా వచ్చేసింది. తెలివైన సంబంధాలు చూసి చూసి విసుగెత్తి, పైడిరాజు నవ్వు చూసి పడిపోయింది పాపం. పెళ్ళయింది, సెలవూ అయిపోయింది. ఆ సాయంత్రమే ప్రయాణం. పెళ్ళి సర్టిఫికెట్ చేతికొస్తేనే మొగుడికి వీసా పెట్టగలదు. లేదంటే ఆవిడ అక్కడ, ఈయన ఇక్కడ.

"నాకొదిలెయ్యమ్మా, నేను చూసుకుంటా," అన్నాడు సింహాద్రప్పడు. సరేనని ఆ పిల్ల బజారు పనిమీద వెళ్ళింది. అంతే!

సింహాద్రప్పడు పొద్దున్నే వెళ్ళి అడిగితే రిజిస్ట్రారు చెప్పాడు. "అమ్మాయి విదేశంలో ఉంటోంది కాబట్టి, అబ్బాయిది మా పరిధేనని ఇంటి నంబరు చూపించాలి. పెళ్ళి కళ్ళారా చూసిన సాక్షులు కావాలి. మూడింటికల్లా రండి, తర్వాత నేనుండను."

ఇంటి నంబరు రాసుంది తలుపు మీద. ఇంకేముంది, తలుపు ఊడదీశాడు!

"దొంగలొస్తేనో?" అంది నూకాలమ్మ.

"అందుకే కదేటే కొడుకుని కన్నాం!" అని పైడిరాజుని గుమ్మంలో నిలబెట్టాడు. "ఒరే, మేమొచ్చేదాకా నువ్వే తలుపువి. కదలకు, పలక్కు." పైడిరాజు చేతులు బారచాపి బిగుసుకుపోయాడు.

ఇక సాక్షులు. పంతులుగారి కళ్ళనిండా హోమం పొగ. నూకాలమ్మ కళ్ళనిండా నీళ్ళు. చుట్టాలందరూ తాళి కట్టే వేళకి పంక్తిలో పప్పు కలుపుతున్నారు. చూసింది ఫోటోల వాడే. వాడూ ఒక కన్ను మూసే చూశాడాయె! అందుకని రెండో కన్ను మూసి చూసిన వీడియో వాణ్ణి కూడా పట్టుకొచ్చాడు. ఇద్దరి కళ్ళూ కలిపితే ఒక నిండు సాక్షి.

ఆటో మీద తలుపు, లోపల సాక్షులు. ఆఫీసు దగ్గర సత్యవేణి ఎదురొచ్చి కొయ్యబారిపోయింది.

"ఇదేంటయ్యా?" అన్నాడు రిజిస్ట్రారు.

"ఇంటి నంబరు బాబూ. కావాలంటే ముట్టుకు చూడండి."

"పెళ్ళికొడుకేడీ?"

"ఆడు తలుపండి."

"తలుపు ఇదిగా!"

"ఇది నంబరండి. తలుపు ఇంటికాడుంది."

సత్యవేణి నెత్తి బాదుకుంది. "మావయ్యా! ఆధార్ కార్డులు నా సంచీలోనే ఉన్నాయి. సాక్షులుగా నా స్నేహితులొచ్చారు. మీరు మనిషిని తీసుకురండి చాలు!"

ఆటో పరుగెత్తింది. ఎంత పిలిచినా పైడిరాజు కదిలితేనా, పలికితేనా! "ఆహా, ఎంత మంచి తలుపురా!" అని తండ్రి మురిసిపోయాడు. మురిసిపోతూనే నూకాలమ్మని గుమ్మంలో నిలబెట్టి, ఫోటోల వాడు కాళ్ళూ తను భుజాలూ పట్టి, కొడుకుని ఆటోలో పడుకోబెట్టి తెచ్చాడు. తెచ్చి ఆఫీసులో గోడకి ఆనించాడు.

మూడు కావస్తోంది. రిజిస్ట్రారు లేచి నిలబడ్డాడు. పైడిరాజు పెదవి కదపడు, పెన్ను పట్టడు. సత్యవేణికి ఏడుపొకటే తక్కువ. చివరికి ఏం తోచిందో, దగ్గరికెళ్ళి అతని గుండె మీద టకటకా కొట్టింది.

"ఎవరు?" అన్నాడు పైడిరాజు.

"నేనేనండీ, వేణిని."

"ఓస్, నువ్వా! రా రా!" అని పక్కకి జరిగాడు. అమ్మయ్య! సంతకాలయ్యాయి. పక్కపక్కనే ఇద్దరి ఫోటోలతో సర్టిఫికెట్ వచ్చింది. రిజిస్ట్రారు జీపెక్కి బతుకుజీవుడా అని పోయాడు. సత్యవేణి సంతోషం పట్టలేక అందరికీ మిఠాయి తేవడానికి పరుగెత్తింది.

సింహాద్రప్పడు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇద్దరికీ ఒక్కటే ఇచ్చారేటి? కోడలు పట్టుకుపోతే కొడుకేం చూపిస్తాడు? కొడుకుంచుకుంటే కోడలి గతేంటి? బల్లమీద కత్తెరుంది. ఇంకేముంది!

మిఠాయి పొట్లంతో వచ్చిన సత్యవేణి ఆ రెండు ముక్కలూ చూసి పొట్లం వదిలేసింది.

"కంగారు పడకమ్మా," అన్నాడు మావగారు, సగం ముక్క ఆవిడ చేతిలో పెట్టి. "నీ ఫోటో ఉన్నది ఆడికిచ్చాను. ఆడి ఫోటో ఉన్నది నువ్వు పట్టుకెళ్ళు. దూరాన ఉన్నా ఒకరి మొహం ఒకరు చూసుకోవద్దేటి!"