లేవని కుక్క, లేవలేని రాజు

అనగా అనగా, మీసాలకి కూడా దిష్టిచుక్క పెట్టుకునే ఒక రాజుగారి కోటలో, బూరె అని ఒక కుక్క ఉండేదట. ఆ పేరెందుకొచ్చిందంటారా? రాజుగారు బూరె తింటే సగం ఆయనకి, సగం దానికి. ఆయనకి పొట్ట వచ్చింది, దానికీ పొట్ట వచ్చింది. పిల్లగా ఉన్నప్పుడు ఆయన ఒళ్ళోనే పెరిగింది, ఆయన వెనకే తిరుగుతూ ముసలిదైంది. ఊ అనండర్రా! మీరు ఊ అనకపోతే నా కుక్క నడవదు.

ఆ కోటలో ఒక పద్ధతుంది. సభ మొదలయ్యే ముందు నగారా మోగుతుంది. ఢాం ఢాం అనగానే సభలో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడాలి. మంత్రి లేవాలి, సేనాపతి లేవాలి, విసనకర్ర విసిరేవాడు లేవాలి, ఆఖరికి రాజుగారూ లేవాలి. లేవనివాళ్ళని కోట దాటించేస్తారు. ఆయన తాతగారు పెట్టిన రూలు. ఎందుకు పెట్టాడో ఎవరికీ తెలీదు, తెలీదు కాబట్టే ఎవరూ తియ్యలేదు.

బూరె కూడా ఇన్నాళ్ళూ అందరికన్నా ముందు లేచి తోక ఊపేది. ఒకరోజు ఢాం ఢాం అంది నగారా. అందరూ లేచారు. బూరె లేవలేదు. తల ఎత్తి ఓసారి చూసి, మళ్ళీ కింద పెట్టేసుకుంది.

సభంతా గుసగుసలు. మంత్రి మెడ సాచి, "పొగరు మహాప్రభో, నెయ్యి తిన్న పొగరు!" అన్నాడు. సేనాపతేమో బద్ధకం అన్నాడు, కోట చుట్టూ పరిగెత్తిస్తే వదులుతుందన్నాడు. పరిగెత్తించాడు కూడా, కళ్ళు పోనూ! మర్నాడు పొద్దున అది అసలు కాలే కింద పెట్టలేదు. అప్పుడు దయ్యాలు వదిలించే భూషయ్యని పిలిచారు. ఆయనొచ్చి, వెనక కాళ్ళలో దయ్యం దూరిందని తేల్చాడు. ముందుకాళ్ళలో ఎందుకు దూరలేదయ్యా అంటే, దయ్యాలెప్పుడూ వెనకనించే కదా వస్తాయి అన్నాడు. వేపమండ తీసుకుని దాని తుంటి మీద ఒకటి వేశాడు. బూరె గుర్రుమని ఆయన పంచె పట్టి లాగింది. సగం పంచె దాని నోట్లో ఉంది, మిగతా సగంతో భూషయ్య వీధిలో ఉన్నాడు. నవ్వకండర్రా, పాపం, ఆయనకీ పెళ్ళాం పిల్లలున్నారు.

ఇక రాజుగారు ఏం చేస్తారు? పౌర్ణమి సభలో కూడా లేవకపోతే కోట దాటించాల్సిందేనని తీర్పు చెప్పేశారు. చెప్పి, లోపలికెళ్ళి, దుప్పటి ముసుగేసుకుని భోరుమన్నారు. కోట దాటితే అడవి. అడవిలో చిరుతలు. పరిగెత్తలేని ముసలి కుక్క. మరి ఏడవరా?

ఆయనకి పైడమ్మ అని కొత్త కోడలుంది. పుట్టింట్లో నాయనమ్మని పొద్దున్నే మంచం మీంచి లేపడం ఆ పిల్ల పని. అందుకని ఎవరు ఎలా లేస్తారో చూడటం దానికి అలవాటు. బూరెనీ అలాగే చూసింది. నిద్ర లేవగానే కర్రలా బిగుసుకుపోతోంది. నాలుగడుగులు వేశాక కాస్త సర్దుకుంటోంది. మెట్టు దగ్గరికొచ్చి, ఎక్కనా మాననా అని ఆలోచిస్తోంది. ఇదివరకు రాజుగారి మంచమ్మీదకి ఒక్క గెంతు గెంతేది, ఇప్పుడు కిందే ముడుచుకుంటోంది. ఒక మోకాలినే అస్తమానం నాకుతోంది. తుంటి మీద చెయ్యేస్తే చాలు, ఎవర్నీ ఏమీ అనని కుక్క గుర్రుమంటోంది.

"ఓసి పిచ్చిదానా, నువ్వు అచ్చం మా నాయనమ్మవే!" అంది పైడమ్మ. వెళ్ళి, పొగరూ కాదు దయ్యమూ కాదు, కీళ్ళనొప్పులు మావగారూ అని చెప్పింది.

మావగారు వింటేనా! "కుక్కలకి కీళ్ళనొప్పులేమిటమ్మా, చోద్యం కాకపోతే! అవేమన్నా వడ్లు దంచాయా, బిందెలు మోశాయా?" అన్నారు.

పౌర్ణమి వచ్చింది. పైడమ్మ మావగారి దగ్గరికెళ్ళి, ఈ ఒక్కరోజూ సింహాసనం వద్దు, బూరె పక్కన నేల మీద కూర్చుని దాని తల నిమరండి, మళ్ళీ ఉంటుందో ఉండదో అంది. ఆయన కళ్ళు తుడుచుకుని, మూలుగుతూ కింద కూర్చున్నారు.

ఢాం ఢాం! అందరూ లేచారు. బూరె లేవలేదు. రాజుగారు చెయ్యి నేలకి ఆనించారు. కాలు మడిచారు. "అమ్మోయ్" అన్నారు. ఇటు ఒరిగారు, అటు ఒరిగారు, మళ్ళీ చతికిలబడ్డారు. బూరె ఆయన్ని చూసింది. ఆయన బూరెని చూశారు. నగారావాడికి ఆపాలో వద్దో తెలీక ఢాం ఢాం ఢాం అని వాయిస్తూనే ఉన్నాడు.

"ఏం మావగారూ, పొగరా?"

"కాదమ్మా, మోకాలు."

"దయ్యమేమో! భూషయ్యని రమ్మననా, వేపమండతో?"

"వద్దు తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

మంత్రీ సేనాపతీ చెరో రెక్కా పట్టి ఆయన్ని లేపారు. అప్పుడడిగారు రాజుగారు. బూరె చెప్పలేదు కదా, పైడమ్మే దాని బదులు చెప్పింది. బూరే బూరే, ఎందుకు లేవలేదు? కీలు పట్టేసింది. కీలూ కీలూ, ఎందుకు పట్టేశావు? గుజ్జు అరిగింది. గుజ్జూ గుజ్జూ, ఎందుకు అరిగావు? వయసు మీద పడింది, వయసు మీద బరువు పడింది. బరువూ బరువూ, ఎందుకు పెరిగావు? నేతిబూరెలు ఆగలేదు. నేతిబూరెలెందుకు ఆగలేదు? రాజుగారి చెయ్యి ఊరుకోలేదు!

రాజుగారు చేతిలో ఉన్న నేతిబూరెని గబుక్కున వీపు వెనక దాచుకున్నారు.

పశువుల వైద్యుణ్ణి పిలిపించారు. ఆయన ఒక్కో కాలూ మెల్లిగా మడిచి, చాచి చూశాడు. అరిగింది తిరిగి రాదుగానీ నొప్పి తగ్గించొచ్చు అన్నాడు. దాని బరువు చూసి మందు కొలిచి ఇచ్చాడు. రాజుగారు ప్రేమ పట్టలేక తన మోకాళ్ళ మందు కూడా దాని నోట్లో వెయ్యబోతే, పైడమ్మ గభాల్న చెయ్యి పట్టుకుంది. మన నొప్పి మందులు కుక్కల కడుపుని పుండు చేసేస్తాయి, ప్రాణం మీదకి తెస్తాయి. వింటున్నారా? నా తలగడ కింద మాత్రలున్నాయే, అవి ఏ కుక్కకీ పెట్టకూడదు. మీరూ ముట్టుకోకూడదు.

కోటలో చలవరాతి నేల అద్దంలా జారుతుంది, అందుకని గోనెపట్టాలు పరిపించింది పైడమ్మ. మెట్ల పక్కన వాలుగా ఒక బల్ల వేయించింది. కొన్నాళ్ళకి చూస్తే బూరె వెనకాలే రాజుగారూ ఆ బల్ల మీంచే ఎక్కుతున్నారు! పడుకోడానికి మెత్తటి బొంత. వేడి చూసుకుని ఉప్పుమూటతో కాపడం. పొద్దునా సాయంత్రం కాస్త కాస్త నడక, పరుగుల్లేవు. నేతిబూరెలు ఇద్దరికీ బంద్. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని నిట్టూర్చేవారట.

అలా అలా సన్నబడి, ఓ పొద్దున ఢాం అనగానే, ముందు ముందుకాళ్ళు, తరవాత ఆలోచించుకుని వెనకకాళ్ళు, మెల్లిగా లేచి నిలబడింది బూరె. రాజుగారు మళ్ళీ భోరుమన్నారు, ఈసారి దుప్పటి లేకుండానే. అప్పటికే తాతగారి రూలు మార్చేశారు లెండి. లేవగలిగినవాళ్ళు లేవండి, లేవలేనివాళ్ళు కూర్చుని తోక ఊపితే చాలు అని. మంత్రికి తోక లేదుగా, శాలువా కొస వెనక్కి వేలాడేసుకుని అదే ఊపేవాడు.

అందుకని, ఎవరైనా లేవలేదనుకోండి, కుక్కైనా మనిషైనా, ఎందుకు లేవవని కసరకండి. ఎక్కడ నొప్పి అని అడగండి.

కథేమో కంచి బండెక్కేసింది, ఇక మనం మంచం ఎక్కుదాం. ఏరీ, పరిగెడతారేం, ముందు చెరో చెయ్యీ పట్టి నన్ను లేపండి! మెల్లిగా... మెల్లిగా... ఆఁ. ఢాం ఢాం అన్నదెవర్రా?