తాళంచెవి

పైడిరాజు మాస్టారిని ఎవరేం అడిగినా, చూపుడువేలుతో తన చెవిని రెండుసార్లు తట్టి ఊరుకునేవారు. అంతే జవాబు. వినపడలేదు, మళ్ళీ అడుగు అంటున్నారనుకుని మొదటి ఆరునెలలూ నేను ప్రతి ప్రశ్నా రెండేసిసార్లు అడిగాను, రెండోసారి కేకేసి మరీ అడిగాను. "నువ్వే విను" అని దానర్థమట. ఆ సంగతి నాకు చెప్పినావిడ హైమవతి గారు. ఈ కథ ఆవిడది. ఇందులో నా పాత్ర బస్సులో కండక్టరు పాత్ర లాంటిది. బండి నడిపేది నేను కాదు, కేకలు మాత్రం నావి.

పోలిక ఊరికే తేలేదు. ముప్ఫై రెండేళ్ళు కండక్టరుగా నిలబడి, ఆఖరికి దిగి, ఏం చెయ్యాలో తోచక గజపతినగరంలో మాస్టారి దగ్గర పాటకి చేరాను. ఆయన సన్నాయి వాయించేవాళ్ళ ఇంట పుట్టారు. పదిహేనో ఏట ఉబ్బసం వచ్చి సన్నాయి మానవలసివస్తే, ఉన్న ఊపిరికి సరిపడేట్టు గాత్రం పట్టారు. డెబ్భై దాటినా జేబులో పీల్చే మందు ఒకటి ఉంటుంది. పాఠం రైసుమిల్లు మీద మేడగదిలో. కింద మిల్లు దడదడలాడుతుంటే పైన మేం పాడాలి. ఈ రొదలో శ్రుతి నిలబెట్టినవాడికి ఏ సభలోనూ బెంగ ఉండదని మాస్టారు అంటారు గాని, ఊళ్ళో ఇంకెవరూ మా పాట భరించి గది ఇవ్వలేదన్నది అసలు కారణం.

నేను చేరిన రోజు నా చేత నాలుగు స్వరాలు పాడించుకుని, "కండక్టరు బాబుకి తాళం ఉంది, చెవి లేదు" అన్నారు. ఊగే బస్సులో అన్నేళ్ళు పడకుండా నిలబడ్డవాడికి లయ ఉండదా మరి. నేను మొదటి సగమే పట్టుకుని ఇంటికెళ్ళి మా ఆవిడ దగ్గర మురిసిపోయాను. ఆవిడ నిదానంగా రెండో సగం కూడా చెప్పించుకుని, "చెవి లేని తాళం ఏ గుమ్మానికి వేసుకుంటారు?" అంది.

హైమవతి గారికి రెండూ ఉన్నాయి. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. పదకొండేళ్ళుగా మాస్టారి దగ్గర నేర్చుకుంటున్నారు. అందరికంటే ముందొచ్చి గది తలుపు తీసేది ఆవిడే కనక, తాళంచెవి ఆవిడ కొంగుకే ముడేసి ఉండేది. మేం నేర్చుకునే కీర్తన ఒకటుంది. దాని పల్లవి సరిగ్గా తాళం దెబ్బ మీద మొదలు కాదు. దెబ్బ పడ్డాక, అర లెక్క ఆగి ఎత్తుకోవాలి. ఆ అర లెక్క దగ్గర మిగిలిన నలుగురం ప్రతిసారీ బోల్తాపడేవాళ్ళం. ఆవిడ ఎత్తుకుంటే ఆ కొంగు పట్టుకున్నట్టు వెనకాలే పోయేవాళ్ళం.

చిన్నప్పుడు వచ్చిన కీళ్ళజ్వరం ఆవిడ గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి వెళ్ళిపోయిందట. ఏళ్ళ తరబడి ఆయాసం తప్ప మరేం లేదనుకున్నారు. కిందటి ఏడాది మెట్లెక్కుతూ పడిపోతే విశాఖపట్నం తీసుకెళ్ళారు. పాతది తీసి, ఒక లోహపు కవాటం పెట్టారు. "గుండెకి కొత్త తలుపు పెట్టామమ్మా, ఇంక మీ పాట మీరు పాడుకోండి" అని డాక్టరు నవ్వుతూ పంపించారట.

అప్పటిదాకా మా క్లాసులో రోగిష్టి పదవి నాది. నాకు బీపీ ఉంది. అదేం గొప్ప బీపీ కాదు, మాత్రతో మాట వినే రకం. అయినా దాని కాగితాలన్నీ ఫైలు కట్టి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించేవాణ్ణి. మాస్టారికి మూడుసార్లు చూపించాను. ఆయన మూడుసార్లూ చెవి తట్టారు.

ఐదు నెలలు మిల్లువాళ్ళ దగ్గరున్న మారు తాళంచెవితో గది తీసుకున్నాం. ఆ తరవాత, మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున్న హైమవతి గారు వచ్చారు. మెడదాకా శాలువా కప్పుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కొత్త చోటుకి వచ్చినట్టు గుమ్మం దగ్గర నిలబడ్డారు. మాస్టారు రమ్మన్నాక వచ్చి, కొంగు ముడి విప్పి తాళంచెవి హార్మోనియం పెట్టె మీద పెట్టారు. ఇంక పాట మానేస్తున్నాననీ, ఇది ఇచ్చి పోదామని వచ్చాననీ చెప్పారు. డాక్టరు పాడొచ్చన్నారు కదా అని నేను అడ్డం పడబోయాను. మాస్టారు నావైపు చూశారు. కూర్చున్నాను.

ఆ కొత్త తలుపు మూసుకున్నప్పుడల్లా చప్పుడు చేస్తుందట. లోహం కనక టిక్కుమంటుంది, అది సహజమే, భయం లేదన్నారట. భయం ఉన్నది డాక్టరుకి కాదు గదా. పరీక్ష హాల్లో ఆవిడ కాపలా నిలబడితే, ఆ నిశ్శబ్దంలో ముందు బెంచీ పిల్లలు తలెత్తి గోడగడియారం కోసం వెతికారట. ఇంట్లో ఆయన చలికాలం కూడా ఫ్యాను ఆపకుండా, రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంటున్నారట. ఆవిడ బాధపడతారని, ఎందుకో మాత్రం చెప్పరు. రక్తం గడ్డకట్టకుండా జన్మంతా మందు వేసుకోవాలి. ఆ మందుతో ఆకుకూరలు ఒకరోజు బుట్టెడు, మరోరోజు సున్నా అని కుదరదు, రోజూ ఒకటే కొలత. గోంగూర కూడా కొలిచి తినవలసిన బతుకయిందని నవ్వబోయి, నవ్వలేకపోయారు. ఇవన్నీ సరే. పడుకుంటే ఒక టిక్కు వినిపిస్తుంది, రెండోది వస్తుందో రాదో అని కాచుకుని ఉండడం. అప్పుడప్పుడు ఒకటి తప్పుతుంది కూడాను. అదీ మామూలే అన్నారట. నోరు మూసుకుంటే చప్పుడు కొంత లోపలే ఉంటుంది. నోరు తెరిస్తే బయటికి వస్తుంది. నోరు తెరవకుండా పాడడం ఎలాగ?

"మాస్టారూ, ఈ చప్పుడు ఎప్పటికి ఆగుతుంది?" అని అడిగారు. అడిగాక తన మాటకి తనే ఉలిక్కిపడి, "ఆగకూడదనే గదండీ రోజూ మందు మింగుతున్నాను. వినలేకపోతున్నాను, అంతే" అన్నారు.

మాస్టారు చెవి తట్టారు.

నాకు జీవితంలో మొదటిసారి ఆయన మీద కోపం వచ్చింది. చెవుడైనా వస్తే బాగుండునని బతుకుతున్న మనిషికి చెవి చూపిస్తారా? ఆయన తాళంచెవి ముట్టుకోలేదు. "వెళ్దువుగానిలేమ్మా. ఒక్క పాట విని వెళ్ళు. నువ్వు పాడక్కర్లేదు" అన్నారు. ఆవిడ కూర్చున్నారు. మా నలుగుర్నీ ఆవిడకి దగ్గరగా జరగమన్నారు. జరిగాక, ఎన్నడూ లేనిది, "చేతులు ఒళ్ళో పెట్టుకోండి. తాళం వెయ్యకండి" అన్నారు.

ఆ వారమంతా లైన్ల మరమ్మతుకని పదకొండింటికల్లా కరెంటు తీసేస్తున్నారు. ఆ సంగతి మాస్టారికి గుర్తుందో లేదో ఇవాళ్టికీ నేను అడగలేదు. అడిగినా చెవే కదా చూపిస్తారు. కరెంటు పోయింది. కింద మిల్లు నిట్టూర్చినట్టు ఒక్క మూలుగు మూలిగి ఆగింది. కరెంటుతో పలికే శ్రుతిపెట్టె ఆగింది. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

అందులోంచి వినిపించింది. చిన్న స్టీలు గిన్నె అంచుని గోటితో మీటినట్టు. టిక్కు. క్షణమాగి, టిక్కు.

గోడగడియారం అనుకున్నాను. అది నేను చేరకముందు నుంచీ నాలుగుంపావు దగ్గర ఆగి ఉంది. నా చేతిగడియారమేమోనని విప్పి చెవి దగ్గర పెట్టుకున్నాను. కాదు. ఇంక నాకు అనుమానం లేకపోయింది. నా గుండే. బీపీ ముదిరి, నా చావు నాకు వినిపిస్తోంది. ఛాతీ మీద చెయ్యి వేసుకుని, ఫైలు ఇంట్లో వదిలేసి వచ్చానే అని మనసులో ఏడ్చాను. ఆ తరవాత హైమవతి గారిని చూశాను. రెండు చేతులతో నోరు మూసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, దొంగతనం బయటపడ్డ మనిషిలా కూర్చుని ఉన్నారు.

మాస్టారు ఆ పల్లవి అందుకున్నారు. పాడడం కాదు, గొణిగినట్టు, ఆ చప్పుడు మునిగిపోనంత చిన్న గొంతుతో. మేమూ అలాగే కలిశాం. చేతులు ఒళ్ళో ఉన్నాయి. గొంతులు మాత్రం ఒక్కొక్కటే, ఎవరూ చెప్పకుండా, ఆ టిక్కు మీద వచ్చి వాలాయి. వాలేసరికి ఆవిడకి భయం ఎక్కువైంది. భయం ఎక్కువయ్యేసరికి చప్పుడు తొందరపడింది, దాంతోపాటు మేమూ తొందరపడ్డాం. బ్రేకు పట్టని బస్సులాగ పరిగెత్తుతున్నాం. మాస్టారు ఆపరేం? ఆయన చెయ్యి కూడా ఒళ్ళోనే ఉంది.

హైమవతి గారు కళ్ళు తెరిచారు. రొప్పుతూ పాడుతున్న నలుగురు పెద్దమనుషుల్ని చూశారు. బండి ఎవరు నడుపుతున్నారో ఆవిడకి ఆ క్షణాన తెలిసింది. తెలిసినట్టు నాకూ తెలిసింది. ఆవిడ భుజాలు దింపి, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదిలారు. మళ్ళీ పీల్చి వదిలారు. చప్పుడు నెమ్మదించింది. మేం నెమ్మదించాం. ఎవరూ ఎవర్నీ ముట్టుకోలేదు. రూపాయి బిళ్ళంత లోహం ముక్క, ఎముకల గూటి లోపల చీకట్లో ఉన్నది, ఐదుగురి ఊపిరిని ఒక్క తాటి మీద పట్టుకుని నడిపిస్తోంది.

అప్పుడు ఒకటి తప్పింది.

టిక్కు రావలసిన చోట రాలేదు. ఘాటురోడ్డు మలుపులో చక్రం మట్టి మీదికి జారిన రోజు ఒకటి నా సర్వీసులో ఉంది. ఆ రోజు నలభైమంది ఒక్కసారి ఊపిరి బిగబట్టడం విన్నాను. మళ్ళీ ఇప్పుడు విన్నాను. అన్ని గొంతులూ గాలిలో ఆగాయి. కిటికీలో పావురం కూడా మెడ తిప్పి చూసింది. అప్పటిదాకా కదలని మాస్టారి కుడిచెయ్యి ఒళ్ళోనే మెల్లగా వెల్లకిలా తిరిగింది. తాళంలో అలాంటి లెక్క ఒకటుంది. దెబ్బ ఉండదు, చెయ్యి చప్పుడు లేకుండా తిప్పుతాం. దాన్ని ఉసి అంటాం. వినపడదు. అది వదిలేస్తే మాత్రం తాళం పూర్తి కాదు. సంగీతానికి చేరిన మొదటి వారం నేర్పుతారు దాన్ని. నేను నేర్చుకున్నది ఆ రోజు.

టిక్కు వచ్చింది.

సంతోషం పట్టలేక మేమందరం సరిగ్గా దెబ్బ మీదే పల్లవి ఎత్తేశాం. అంటే తప్పు. పదకొండేళ్ళుగా ఆ తప్పు దిద్దుతున్న మనిషికి చావుభయమైనా ఓర్చుకోవచ్చునేమో గాని అది ఓర్చుకోవడం కుదరలేదు. హైమవతి గారి చేతులు నోటి మీంచి జారిపోయాయి. నొసలు చిట్లించి, తరవాతి దెబ్బ పడనిచ్చి, అర లెక్క ఆగి, నోరు తెరిచి ఎత్తుకున్నారు.

నోరు తెరిస్తే చప్పుడు బయటికి వస్తుందన్నారు కదా. వచ్చింది. పాటా తాళమూ ఒక్క గుండెలోంచి, ఒక్క గుమ్మంలోంచి కలిసి వస్తుంటే మేం నలుగురం పాడడం మానేశాం. ఎప్పుడు మానేశామో తెలియదు. మానమని ఎవరూ అనలేదు. నాకు సంగీతం తెలియదు, చెవి లేదన్న సంగతి ఊరందరికీ తెలుసు. అయినా, గుళ్ళో గర్భాలయం తలుపు తీసినప్పుడు వెనక్కి ఒక అడుగు వేస్తామే, కూర్చున్నచోటే అలాంటి అడుగు వేశాను. నా బీపీ సంగతి మూడేళ్ళలో మొదటిసారి మరిచిపోయాను.

చరణం దాకా వెళ్ళి, పల్లవికి తిరిగి వచ్చి, పాట ఆగింది. తాళం ఆగలేదు. టిక్కు, టిక్కు. అలా వింటూ కూర్చున్నాం.

కరెంటు వచ్చింది. మిల్లు దడదడమంది, శ్రుతిపెట్టె పలికింది. ఆ చిన్న చప్పుడు అడుగున ఎక్కడో మునిగిపోయింది. హైమవతి గారు చటుక్కున చెయ్యి గుండె మీద వేసుకుని, తల కాస్త వంచి వెతుక్కున్నారు. దొరికింది కాబోలు. "ఉంది" అన్నారు, ఎవరితోనో కాదు. అని, తను అన్నమాట తనకే వినిపించి, నవ్వారు. ఈసారి నవ్వు వచ్చింది.

ఆవిడ శాలువా మడిచి చేతి మీద వేసుకుని లేచారు. నేను ఊరుకోవచ్చు కదా. దిగే ప్రయాణికుడి సామాను అందించిన అలవాటు. హార్మోనియం మీది తాళంచెవి తీసి, మాస్టారి ముందు పెట్టి, ఆవిడ ఇది ఇచ్చి వెళ్ళడానికే వచ్చారనీ, అడిగినదానికి మీరు ఇంకా జవాబు చెప్పలేదనీ గుర్తుచేశాను.

మాస్టారు జేబులోంచి మందు తీసి ఒకసారి పీల్చి, ఊపిరి కుదుటపడేదాకా ఆగారు. తాళంచెవి నా చేతిలోంచి తీసుకుని ఆవిడ వైపు జరిపారు.

"తలుపు కొత్తదైతే ఏటమ్మా," అన్నారు. "తాళంచెవి పాతదే పట్టింది కదా."