నడిమి గుంజ

పిల్లలూ, ఈ కథ మీ చెవిన పడి ఉండదు. మీరు పెరుగుతున్న చోట కంచె అంటే ఇనుప తీగే. ఇది చెక్క కంచె కథ. ఉద్దానం జీడితోటల మధ్య ఒక చిన్న ఆశ్రమంలో జరిగిందంటారు.

అక్కడ ముకుందయ్యగారనే గురువు దగ్గర లోకనాథం, కూర్మయ్య అని ఇద్దరు శిష్యులుండేవారు. లోకనాథం ముందు వచ్చినవాడు, ఎక్కువ చదివినవాడు. అయినా గురువుగారి నోట ఎక్కువగా వినిపించేది "కూర్మయ్యా" అన్న పిలుపే. అది విన్నప్పుడల్లా లోకనాథానికి కంట్లో కారం పడ్డట్టుండేది. పైగా ఆ ఏడు వానలు వెనకబట్టాక, పొద్దుటి పాఠం చెప్పే పీట ఇద్దరిలో ఒకరికి అప్పగిస్తానని గురువుగారు అన్నారు. ఇక లోకనాథం ఉండబట్టలేకపోయాడు.

"గురువుగారూ, కూర్మయ్యలో మీకు కనిపించేది నాలో ఎందుకు కనిపించదు?"

గురువుగారు తోటవైపు చెయ్యి చూపించారు. "కూరతోట కంచె పాడైంది, నాయనా. చినుకు పడేలోగా ఒక సగం నువ్వు, ఒక సగం అతను బాగుచెయ్యండి. తరువాత మాట్లాడుకుందాం" అన్నారు.

ఎండకు ఎండి, వానకు తడిసి, బూడిదరంగు తేలిన కంచె అది. ముందు నాచు గీకాలి. ఉప్పుకాగితంతో రుద్దాలి, పేరే గానీ అందులో ఉప్పుండదు, అది గరుకు కాగితం. చెక్క లోపలిదాకా ఆరాక, జీడిపిక్కల తొక్క నుంచి తీసిన నల్లనూనె పట్టించాలి. ఆ వైపు పడవలకు పూసేది అదే. చెదలు దాని జోలికి రావు. ఒంటికి తగిలితే మాత్రం బొబ్బలెక్కుతాయి, చేతులకు గుడ్డ చుట్టుకోనిదే ముట్టుకోకూడదు.

లోకనాథం పని బాగానే చేశాడు. కాకపోతే చెయ్యి తన పలక మీద ఉంటే కన్ను అవతలి పలక మీద ఉండేది. కూర్మయ్య ఒక పలక ఎక్కువ రుద్దితే ఆ పూట లోకనాథానికి ముద్ద దిగేది కాదు.

ఇద్దరి సగాలూ కలిసే చోట ఒక లావుపాటి గుంజ ఉంది. రెండువైపుల పలకలూ దానికే మేకులతో దిగగొట్టి ఉన్నాయి. లోకనాథం దాని నడుమ బొగ్గుతో నిలువునా గీత గీసి, తన వైపు మాత్రమే నూనె పూశాడు. వంటచేసే తవిటమ్మ అది చూసి ఫక్కున నవ్వింది.

"ఏటి బాబూ, నలుగు పెట్టి మద్దిలో లేచిపోయినట్టు, గుంజకి సగం వొంటికే రాసినావు?"

"ఆ సగం నాది కాదులే, తవిటమ్మా."

ఆ మర్నాడే కూర్మయ్యకు జ్వరం తగిలింది. వాళ్ల ఊరి బండి ఎక్కుతూ, "అన్నా, నా పని అంతా అయింది. నడిమి గుంజ ఒక్కటే మిగిలిపోయింది. కాస్త చెయ్యి వెయ్యవా?" అని బతిమాలాడు.

"నూనె అయిపోయింది, తమ్ముడూ" అన్నాడు లోకనాథం.

నూనె ఉంది. తాను పూస్తే అది కూర్మయ్య పూర్తిచేసిన పనిలా ఉంటుంది. వదిలేస్తే అతని కొరత గురువుగారే కళ్లారా చూస్తారు. మిగిలిన నూనెతో లోకనాథం తన పలకలకే మరో పూత వేశాడు. గురువుగారు అటు వచ్చారు, గుంజను ఒకసారి నిమిరి వెళ్లిపోయారు. కూర్మయ్య కొరత ఆయన కంట పడిందని లోకనాథం లోలోపల మురిసిపోయాడు.

వానలు కురిసి వెనకబట్టాయి. ఒక మధ్యాహ్నం ఈదురుగాలికి గుంజ మొదలంటా విరిగింది. దాన్ని పట్టుకుని ఉన్న పలకలు ఇటువీ అటువీ కలిసి బురదలో పడ్డాయి. దారిన పోయే గేదెలు లోపలికి వచ్చి, తోటకూర మడి, ఆనపపాదు అన్నీ మేసేశాయి. తవిటమ్మ వాటిని తరమలేక లబోదిబోమంది.

లోకనాథం విరిగిన గుంజను భుజాన వేసుకొచ్చి గురువుగారి ముందు పెట్టాడు. "చూడండి, గురువుగారూ. చెదలు కూర్మయ్య వైపు నుంచి ఎక్కాయి. నా వైపు ఇప్పటికీ నిగనిగలాడుతోంది. మరి ఆ పీట..."

గురువుగారు నూనె పూసిన వైపు బొటనవేలితో నొక్కారు. ఉల్లిపొరంత చెక్క చిట్లి, లోపలి నుంచి చెదమన్ను జలజలా రాలింది. గుల్లగా మిగిలిన ఆ గుంజను ఆయన శిష్యుడి వైపు తిప్పారు.

"పీట ఎక్కుదువుగాని, నాయనా. ముందు ఇందులో నీ సగం ఎక్కడ మొదలవుతుందో వేలు పెట్టి చూపించు."

పిల్లలూ, రేపు మీ వాళ్లకు ఈ కథ చెప్పండి. చెప్పేటప్పుడు ఇక్కడే ఆపండి. లోకనాథం వేలు ఎక్కడ పెట్టాడని వాళ్లు అడుగుతారు. అడగనివ్వండి.