ఒకే ఇంజను, రెండు ధరలు

ప్రశ్నకు నోటితో జవాబు చెప్పే అలవాటు ఖాదర్‌వలీ సారుకు లేదు. మదనపల్లె ఐటీఐలో ముప్పై ఏళ్లు మోటారు మెకానిక్ పని నేర్పి రిటైరైనాక, ఆయన పుంగనూరు రోడ్డులో ఒక రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఆదివారం పొద్దున పాత శిష్యులు ఎవరో ఒకరు వస్తారు, ఏదో ఒకటి అడుగుతారు. అడిగినవాడి చేతిలో ఆయన పానా పెట్టి, ఎదురుగా ఉన్న బండిని చూపిస్తాడు. పని అయ్యేలోపల జవాబు దొరికిందా సరే, లేదంటే మళ్లీ ఆదివారం రావలసిందే.

ఆ ఆదివారం రెడ్డెప్ప వచ్చినప్పుడు అతని మొహం కందగడ్డలా ఉంది. ల్యాప్‌టాప్ తగిలించి, ఇంజను కంప్యూటరులోని ప్రోగ్రాం మార్చి, బండికి బలం పెంచడంలో అతనికి చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో పేరుంది. టమోటా మండీ వ్యాపారి చలపతి కొత్త కారు కొనబోతూ అతన్ని సలహా అడిగాడు. కంపెనీవాళ్లే బలం ఎక్కువ పెట్టి అమ్ముతున్న పెద్ద మోడలు తీసుకోవాలా, చిన్న మోడలు కొని రెడ్డెప్ప చేత బలం పెట్టించుకోవాలా? రెడ్డెప్ప రెండు మోడళ్ల విడిభాగాల జాబితాలూ తెరిచి నంబర్లు పోల్చి చూశాడు. అప్పటినుంచి అతని కడుపు మండిపోతోంది.

"పట్టపగలు దోపిడీ సార్ ఇది! ఇంజను ఒకటే. బ్లాకు నంబరు ఒకటే, పిస్టన్ నంబరు ఒకటే, డీజిలు పంపు నంబరు కూడా ఒకటే. చిన్న మోడల్లో దాని గొంతు నొక్కి పెడతారు. పెద్ద మోడల్లో ఆ చెయ్యి తీస్తారు. చెయ్యి తీసినందుకు రెండు లక్షలు! గంటలో నేను తీసిపారేస్తా. చలపతికి ఏం చెప్పేది సార్? కంపెనీదే కొనమనేదా, చిన్నది కొని నా దగ్గరికి రమ్మనేదా?"

అడగడానికి అడిగాడే గానీ, అతని దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. దానికి సారు చేత ఒక అవును అనిపించుకుని పోదామని వచ్చాడు.

"దోపిడీనే. నేను కాదనను" అన్నాడు ఖాదర్‌వలీ సారు. షెడ్డులో గుంత మీద నిలబెట్టిన తెల్ల కారు వైపు గడ్డంతో చూపించాడు. "దానికి క్లచ్చు పోయింది. గేరుబాక్సు దించు. ఎందుకు పోయిందో చూసి చెప్పు."

రెడ్డెప్ప చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. కారు చుట్టూ తిరిగి వెనక్కు వచ్చేసరికి అద్దం మీద ఎర్ర అక్షరాలు కనబడ్డాయి: 'లోపల డయాలసిస్ పేషెంట్లు ఉన్నారు. దారి ఇవ్వండి.' ఆ అక్షరాలు అతను ఎనిమిది నెలల కిందట తన షాపులో చూశాడు. ఆ బండి మునెమ్మది, చలపతి కొనబోయే కారులోనే చిన్న మోడలు. ములకలచెరువు వైపు పల్లెల నుంచి ముగ్గురు రోగులను వారానికి మూడుసార్లు మదనపల్లె ఆసుపత్రికి తెచ్చి, మళ్లీ ఇళ్ల దగ్గర దించివచ్చే మనిషి ఆమె. ముగ్గురినీ ఎక్కించుకుని ఏసీ వేస్తే ఎత్తు ఎక్కడం లేదని వస్తే, బలం పెట్టి పంపింది తనే. సారుకు ఆ సంగతి తెలుసో తెలియదో అర్థం కాలేదు. రెడ్డెప్ప గుంతలోకి దిగాడు.

జాకీ ఆనించి, ఇటు అతను, అటు సారు పట్టుకుని గేరుబాక్సు దించారు. కాలిన వాసన గుప్పుమంది. క్లచ్చు ప్లేటు నల్లబడి, అరిగి, రివెట్లు పైకి తేలి ఉన్నాయి. దాన్ని చూడగానే రెడ్డెప్పకు పోయిన కోపం మళ్లీ వచ్చింది, కాస్త ధైర్యం కూడా వచ్చింది.

"చూడండి సార్, ఇదీ కంపెనీవాడి సొగసు. ప్లేటా ఇది? అప్పడం! ఇంత పెద్ద ఇంజను పెట్టి ఎవడన్నా ఇట్లాంటిది బిగిస్తాడా? సిగ్గుండాలి."

సారు బీరువాలోంచి కాగితం చుట్టిన ఇంకో ప్లేటు తెచ్చి, బల్ల మీద పాత ప్లేటు పక్కన పెట్టాడు. కొత్తది ఒక వేలి వెడల్పంత పెద్దది. చేతిలోకి తీసుకుంటే బరువు తేడా తెలుస్తోంది.

"ఇది పెద్ద మోడలుది. దీని నంబరు చూసినావా?"

"లేదు సార్" అన్నాడు రెడ్డెప్ప. ఇంజను పేజీ దగ్గర తనకు కావలసింది దొరికిందని అతను జాబితా మూసేశాడు. ఆ తర్వాత పేజీలు తిప్పలేదు.

అప్పుడే బయట బెంచీ మీద కూర్చున్న మునెమ్మ లోపలికి వచ్చింది. నలభై ఐదేళ్ల మనిషి, ఎండకు కమిలిన మొహం. రెడ్డెప్పను చూసి ఆగింది. అరుస్తుందేమో అనుకున్నాడు గానీ ఆమె అరవలేదు.

"నువ్వేనా? మంచిదయింది. సారుకు ఒకసారి చెప్పినా, నీ ముందరే మళ్లీ చెప్తా. పోయిన మంగళవారం ఎత్తు ఎక్కతావుంటే ఇంజను గర్జిస్తాంది, బండి మాత్రం కదల్లేదు. ముగ్గురు రోగులు నడిఎండలో రెండు గంటలు. వాళ్లలో గంగులప్పకు ఆ పూట డయాలసిస్ మిషను దొరకలేదు. సాయంత్రానికి ఊపిరి అందక ఎమర్జెన్సీలో పెట్టినారు. రెండు రోజులు. బతికినాడు, అది ఆయన పుణ్యం. కంపెనీ సర్వీసుకు పోతే వాళ్లేమన్నారో తెల్సా? వాళ్ల మిషను తగిలించి, ఇంజన్లో బయటోళ్ల చెయ్యి పడింది, మాకు సంబంధం లేదన్నారు. బానెట్టు గూడా ఎత్తలేదు. నీకు ఫోను చేస్తే నువ్వేమన్నావు?"

రెడ్డెప్పకు గుర్తుంది. తను ముట్టింది కంప్యూటరునేననీ, క్లచ్చు కంపెనీదనీ, వాళ్లనే అడగమనీ చెప్పాడు. ఆ మాట అన్నప్పుడు తను చాలా న్యాయంగా మాట్లాడినట్టే అతనికి అనిపించింది.

"వాళ్లు తెరిచి చూడాల్సింది అక్కా" అన్నాడు గొణుగుతూ. "చూడకుండానే పొమ్మనడం ఏం ధర్మం?"

"నువ్వు తెరిచినావా?"

మునెమ్మ పాత ప్లేటును అతని ముందుకు జరిపింది. "ఎవరి న్యాయం వాళ్ల దగ్గరుంది నాయనా. వాళ్లదీ తప్పులేదు, నీదీ తప్పులేదు. మరి గంగులప్ప చేసిన తప్పేంది?"

ఖాదర్‌వలీ సారు ఎన్నడూ గొంతు పెంచే మనిషి కాదు. అప్పుడు పెంచాడు. "కంపెనీది దురాశ రెడ్డెప్పా. తిట్టు, నేనూ కలిసి తిడతా. కానీ ఏ నోటితో వాళ్లను దొంగలంటివో, ఆ నోటితోనే ఈ తల్లిని వాళ్ల గడపకు తోలినావే! అప్పుడు వాళ్లు మంచోళ్లయిపోయినారా నీకు?"

రెడ్డెప్ప చేతులు తుడుచుకుని, ఫోనులో విడిభాగాల జాబితా తెరిచాడు. ఈసారి చివరి పేజీ దాకా చదివాడు. పెద్ద మోడలుకు క్లచ్చు వేరు, ఫ్లైవీలు వేరు, ముందు బ్రేకులు వేరు, రేడియేటరు ఫ్యాను వేరు. కంపెనీ అచ్చువేసిన రంగుల పుస్తకంలో వీటి ఊసే లేదు. కారు వెనక అతికించే ఎర్ర బిళ్ల బొమ్మ మాత్రం పేజీ నిండా ఉంది. అమ్మేది బలమని చెప్పి, ఆ బలానికి ఏమేమి తోడు కావాలో చెప్పనివాళ్ల మీద అతనికి మళ్లీ ఒళ్లు మండింది. తనూ చెప్పలేదని తోచాక ఆ మంట ఇంకా ఎక్కువైంది, ఎటు పోవాలో తెలియక లోపలే తిరిగింది.

"అక్కా" అన్నాడు చివరికి. "రెండు దార్లున్నాయి. పెట్టిన బలం తీసేసి మొదట్లో ఉన్నట్టు చేసిస్తా. లేదంటే బలం ఉంచి, దానికి కావలసినవన్నీ మారుస్తా. నీకేది కావాల?"

ఎనిమిది నెలల కిందట ఆ మాట అతను అడగలేదు. మునెమ్మ ఆలోచించింది.

"ముగ్గుర్ని ఎక్కించుకుని ఎత్తెక్కాల కదా. బలం ఉండనీ. దానికి ఏమేం కావాల్నో ఒక్కటి గూడా వదలకుండా పెట్టు."

ఆ పని మూడు రోజులు పట్టింది. రెడ్డెప్ప తన షాపు మూసి, సారు షెడ్డులోనే చేశాడు. మధ్యలో మంగళవారం ఆమె రోగులను తన సొంత కారులో తనే ఆసుపత్రికి తిప్పాడు. గంగులప్ప మాత్రం ఎక్కలేదు. బస్సులోనే పోతానని భీష్మించాడు. బుధవారం మధ్యాహ్నం సారును వెనక సీట్లో కూర్చోబెట్టుకుని మునెమ్మ బండిని ఎత్తు మీదికి తోలి, దించి, మళ్లీ ఎక్కించి తీసుకొచ్చింది. దిగి, తాళంచెవి చేతిలో తిప్పుతూ అడిగింది:

"మళ్లీ ఎప్పుడన్నా ఏదన్నా అయితే?"

పెట్టిన బ్రేకులు కంపెనీవి కాబట్టి వాటి సంగతి మాత్రం నాకు తెలీదు అనే మాట అలవాటుగా రెడ్డెప్ప నాలిక చివరికి వచ్చింది. దాన్ని మింగేశాడు.

"నా దగ్గరికే రా అక్కా. నేను ముట్టింది చెడినా, ముట్టనిది చెడినా."

ఆమె నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు. "ఈ మాట వచ్చి గంగులప్పతో చెప్పు. నేను చెప్తే నమ్మడు" అని బండెక్కి వెళ్లిపోయింది.

రెడ్డెప్ప మేకు మీది చొక్కా తీసి తొడుక్కున్నాడు. గంగులప్ప ఊరికి ఎటు పోవాలో సారును అడిగి తెలుసుకున్నాడు. గడప దాకా పోయి వెనక్కి తిరిగి, "సార్, మరి చలపతికి ఏం చెప్పేది?" అన్నాడు.

ఖాదర్‌వలీ సారు బల్ల మీది పానాలు సర్దుతూ, తలెత్తకుండా అన్నాడు: "ఇప్పుడు నువ్వు ఆమెతో అన్న మాట ఎవరంటే, వాళ్ల దగ్గర కొనమను."